పాత 911లో ఏసీ: ప్రతి ఎండాకాలం గ్యాస్ పట్టించుకుంటూ ఉండాల్సిందేనా?

ఎర్రకారు_86
1986 మోడల్ పోర్షే 911 కరేరా. ఉండేది డాలస్ దగ్గర ప్లేనోలో. ఏప్రిల్‌లో ఒక షాపులో ఏసీకి గ్యాస్ పట్టించాను. మే నెలంతా బాగానే చల్లబడింది. జూలై వచ్చేసరికి ఫ్యాన్ గాలి తప్ప ఇంకేం రావడం లేదు. మళ్లీ అక్కడికే వెళ్తే "ఇంకో రెండు క్యాన్లు వేస్తాం" అన్నారు. ఇంకో షాపువాళ్లు అసలు మిషన్ తగిలించడానికే ఒప్పుకోలేదు. లోపల ఏ గ్యాస్ ఉందో తెలియకుండా మా మిషన్‌లోకి లాగం అన్నారు. పాత ఓనరు ఎప్పుడో పాత రకం ఏసీ గ్యాస్ ఆర్-12 నుంచి దాని తర్వాత వచ్చిన ఆర్-134ఏకి మార్చినట్టున్నాడు, గ్యాస్ ఎక్కించే పోర్టుల మీద కొత్త అడాప్టర్లున్నాయి. ఏ గ్యాస్ ఉందో చెప్పే స్టిక్కర్ మాత్రం ఎక్కడా లేదు. బయట 103 డిగ్రీల ఫారెన్‌హీట్. మా ఆవిడ ఈ కారెక్కనని తేల్చి చెప్పేసింది. నేనే క్యాన్ కొనుక్కుని ఎక్కించుకుంటే పోదా? వీడియోల్లో చూస్తే పది నిమిషాల పనిలా ఉంది.

నాలుగోగేరు
మా ఆవిడ కూడా నా కారెక్కదు. కాకపోతే ఏసీ వల్ల కాదు, నా డ్రైవింగ్ వల్ల.

చల్లగాలి_ఎడిసన్
ఆ కారుకి ఏసీ ఎందుకు గురూ, కిటికీలు దించుకుని పోవడమే. మేం న్యూజెర్సీలో అదే చేస్తాం.

ఎర్రకారు_86
@చల్లగాలి_ఎడిసన్ ఒక్కసారి ఆగస్టులో టెక్సస్ రండి, మాట్లాడుకుందాం.

రెంచ్_రమణి
క్యాన్ ఇప్పుడే కొనకండి. ఏసీ గ్యాస్ పెట్రోలులాగా ఖర్చయ్యేది కాదు. మూసి ఉన్న దారిలో అదే గ్యాస్ తిరుగుతూ ఉంటుంది. మూడు నెలల్లో అయిపోయిందంటే ఎక్కడో కారిపోతోందన్నమాట. ఆ కారే చోటు కనిపెట్టకుండా ఎన్ని క్యాన్లు వేసినా డబ్బులు గాల్లోకే.

ఇంకో సంగతి. గ్యాస్ తగ్గిన కొద్దీ దాన్ని నొక్కి తిప్పే పంపుకి, అంటే కంప్రెసర్‌కి, నూనె తిరిగి రావడం కూడా తగ్గుతుంది, ఎందుకంటే నూనెని మోసుకొచ్చేది ఆ గ్యాసే. అలాగే నడిపిస్తూ పోతే రేపు కంప్రెసర్ కూడా పోతుంది. ముందు ఏసీ స్విచ్ ఆపి ఉంచండి.

మీరు చెప్పాల్సినవి రెండున్నాయి. ఏప్రిల్లో ఆ షాపువాళ్లు ముందు వాక్యూమ్ పెట్టారా, అంటే లోపలి గాలంతా పంపుతో లాగేశారా? గ్యాస్ తూకం వేసి ఎక్కించారా? బిల్లు మీద ఏం రాశారో చూడండి.

ఎర్రకారు_86
@రెంచ్_రమణి బిల్లు మీద "134ఏ, 2 క్యాన్లు, లేబర్" అని మాత్రమే ఉంది. వాక్యూమ్ మాటే లేదు. నేను పక్కనే కాఫీ తాగుతూ ఉన్నాను, పావుగంటలో బయటికొచ్చేశాడు.

రెంచ్_రమణి
పావుగంటలో అయిందంటే వాక్యూమ్ పెట్టలేదు. లోపల గాలి, తేమ అలాగే ఉంటాయి. వేడి గ్యాస్‌ని చల్లార్చి ద్రవంగా మార్చే కండెన్సర్‌లో గాలి ద్రవంగా మారదు, చోటు ఆక్రమించి ప్రెషర్ పెంచుతుంది. తేమ ఆ ద్రవం సన్నటి దారిలోంచి చిమ్మే ఎక్స్‌పాన్షన్ వాల్వ్ దగ్గర గడ్డకట్టి దారి మూసేస్తుంది, నూనెతో కలిసి ఆమ్లంగా మారి లోహాన్ని తింటుంది. డ్రైయర్ ఉన్నది ఆ తేమని పట్టుకోడానికే గానీ దానికీ ఒక హద్దుంటుంది.

టెక్సస్_తాత
నేను చెప్పేది చాలామందికి నచ్చదు. ఆ అడాప్టర్లు పీకేసి, అంతా శుభ్రం చేసి, మళ్లీ ఆర్-12 ఎక్కించు. కారు తయారైంది దానికోసం. నా 1991 కార్వెట్‌లో ఇప్పటికీ ఆర్-12నే. హ్యూస్టన్ ఎండలో చేతులు వణికేంత చల్లగా వస్తుంది. మీ అందరి 134ఏ కార్లలో కూర్చుని చూశాను, సిగ్నల్ దగ్గర ఆగితే చాలు నీళ్లు కారతాయి, మనుషుల మీంచి.

గచ్చిబౌలి_గేర్‌బాక్స్
ఆర్-12 ఇంకా దొరుకుతుందా తాతగారూ? మా దగ్గర ఎప్పుడో బంద్.

టెక్సస్_తాత
అమెరికాలో కొత్తగా తయారు చేయడం 1995 చివర్లో ఆగిపోయింది. అప్పటికే తయారైన సరుకు, పాత వాటిలోంచి తీసి శుభ్రం చేసిన సరుకు ఇంకా చేతులు మారుతూనే ఉన్నాయి. వాడటం నేరం కాదు. కొనాలంటే మాత్రం కారు ఏసీ పని చేసేవాళ్లకి ఇచ్చే 609 సర్టిఫికెట్ ఉండాలి. ఇంట్లో కూర్చుని పుస్తకం చూస్తూ రాసే పరీక్ష, ఖర్చు పాతిక డాలర్ల ప్రాంతంలో, ఒకసారి పాసైతే జీవితాంతం చెల్లుతుంది. నేను అరవై దాటాక రాశాను. మా మనవరాలు పక్కనే ఉండి నవ్వింది.

ప్లేనో_పప్పుచారు
పాతిక డాలర్లకి జీవితాంతం చెల్లే డిగ్రీ! మనవాళ్లు మాస్టర్స్‌కి ఎంత కట్టారో అడక్కండి.

రెంచ్_రమణి
సర్టిఫికెట్ నాకూ ఉంది. కానీ తాతగారితో ఒక విషయంలో ఒప్పుకోను. కార్వెట్‌కీ 911కీ పోలికే లేదు. కార్వెట్‌లో కంప్రెసర్, కండెన్సర్, లోపలి గాలిని చల్లబరిచే ఎవాపరేటర్ అన్నీ ముందు భాగంలో దగ్గరదగ్గరగా ఉంటాయి. రేడియేటర్ ముందు పెద్ద కండెన్సర్, దానికి ఫ్యాన్. 911లో ఇంజన్ వెనక, ఎవాపరేటర్ ముందు. కంప్రెసర్ నుంచి వేడి గ్యాస్ మొదట ఇంజన్ మూతలో ఉన్న కండెన్సర్‌కి వెళ్తుంది. అక్కణ్ణించి పొడవాటి హోస్‌లో కారు ముక్కు కింద ఉన్న రెండో కండెన్సర్‌కి. తర్వాత ముందు ఫెండర్ లోపలి డ్రైయర్, ఎవాపరేటర్, మళ్లీ వెనక్కి కంప్రెసర్‌కి ఇంకో పొడవాటి హోస్. గాలికి చల్లబడే ఇంజన్ కాబట్టి రేడియేటరూ లేదు, దాని ముందు కండెన్సర్ పెట్టే చోటూ లేదు.

అంత పొడవున రబ్బరు హోసులుంటే గ్యాస్ కారేది జాయింట్ల దగ్గరే కానక్కర్లేదు. అప్పటి హోసుల్లో లోపల నైలాన్ పొర ఉండదు. హోస్ గోడలోంచే కొంచెం కొంచెం ఊరిపోతుంది. 134ఏ అణువు ఆర్-12 కన్నా చిన్నది, ఇంకా తొందరగా పోతుంది. లోపల నైలాన్ పొర ఉన్నవాటిని బ్యారియర్ హోసులంటారు. ఈ కార్ల కొలతలకి తయారుగా సెట్లు అమ్ముతారు.

టెక్సస్_తాత
@రెంచ్_రమణి అమ్మా, అదే నేనూ అంటున్నది. ఆ హోసులు ఆర్-12ని ఆపినంతగా 134ఏని ఆపవు. మరి ఆర్-12 పెట్టుకోమంటే తప్పేంటి?

రెంచ్_రమణి
తప్పని అనలేదు. కారే సిస్టమ్‌లో అంత పిరమైన గ్యాస్ పోయమంటారా అని అడుగుతున్నా. పైగా అది ఓజోన్ పొరని తినే గ్యాస్. హోసులు మార్చాక ఏదైనా పోసుకోవచ్చు.

డెన్వర్_దొర
హోసుల గురించి ఒక మాట. ఏళ్ల తరబడి ఆర్-12తో నడిచిన హోసుల్లో పాత మినరల్ నూనె ఇంకిపోయి ఉంటుంది. అలాంటివి 134ఏని అనుకున్నదానికన్నా బాగానే ఆపుతాయి. నా 1988 మాజ్డా ఆర్ఎక్స్-7కి పాత హోసులే, గ్యాస్ 134ఏనే. రెండు మూడేళ్లకోసారి కొంచెం తగ్గుతుంది, అంతే. అందరూ వెంటనే హోసులన్నీ పీకేయక్కర్లేదు.

రెంచ్_రమణి
@డెన్వర్_దొర మీ కారులో హోసులు మూడు మూరలు. ఈయన కారులో ముక్కు నుంచి తోక దాకా రెండుసార్లు పాకాయి. అయినా మీరు చెప్పింది నిజమే, మూడు నెలల్లో మొత్తం ఖాళీ అయిందంటే అది ఊరిపోవడం కాదు. ఎక్కడో సరైన లీకే ఉంది. ముందు దాన్ని పట్టాలి.

ఎర్రకారు_86
సరే, క్యాన్ కొనడం ఆపేశాను. లీకు ఎక్కడుందో ఇంట్లోనే కనిపెట్టొచ్చా? నాకు గేజ్ సెట్ ఉంది, వాక్యూమ్ పంప్ అద్దెకి తెచ్చుకోగలను. కారు ఆపి గేజ్ పెడితే రెండు వైపులా 60 చూపిస్తోంది. పొద్దున్నే, గ్యారేజీలో 85 డిగ్రీలు. ఇది మంచిదా చెడ్డదా?

డెన్వర్_దొర
లోపల చుక్క ద్రవం మిగిలి ఉన్నా ఆపిన కారులో ప్రెషర్ ఆ వేడికి తగ్గట్టే ఉంటుంది. 134ఏకి 80 డిగ్రీల దగ్గర 87 పీఎస్ఐ (గేజ్ మీది ప్రెషర్ కొలత), 90 దగ్గర 104. మీకు 85 డిగ్రీల్లో 60 అంటే ద్రవమే లేదు, మిగిలింది ఆవిరి మాత్రమే. దాదాపు ఖాళీ. ఒకవేళ 95 చూపించినా నిండా ఉందని కాదు, కాస్త ద్రవం ఉందని మాత్రమే. ఈ నెంబరు చూసి "గ్యాస్ ఫుల్‌గా ఉంది" అనే మెకానిక్‌ని నమ్మొద్దు.

గచ్చిబౌలి_గేర్‌బాక్స్
గేజ్ చూసి లోపల ఆర్-12 ఉందో 134ఏ ఉందో చెప్పలేమా?

డెన్వర్_దొర
చెప్పలేం. 80 డిగ్రీల దగ్గర ఆర్-12కి 84, 134ఏకి 87. ఆ తేడా గేజ్ ముల్లు మందంలోనే పోతుంది. రెండూ కలిసిపోయి ఉంటే ఇంకా దారుణం, కలిసినప్పుడు విడివిడిగా ఉన్నప్పటికంటే ప్రెషర్ ఎక్కువ వస్తుంది. అందుకే మంచి షాపుల్లో ఐడెంటిఫయర్ అని ఒక పెట్టె ఉంటుంది, ముందు దాంతో చూసి తర్వాతే తమ మిషన్ తగిలిస్తారు. మీకు కుదరదన్న రెండో షాపువాళ్లు పనిమంతులే. వాళ్ల మిషన్‌లోకి తెలియని గ్యాస్ వెళ్తే వాళ్ల సిలిండర్ మొత్తం పాడవుతుంది. లీకు మూసే మందు కలిపిన క్యాన్లు ఎవరైనా వేసి ఉంటే మరీ ప్రమాదం, మిషన్ లోపలే గట్టిపడుతుంది.

ఎర్రకారు_86
ఏప్రిల్‌ క్యాన్లలో ఆ మందు ఉందో లేదో కూడా తెలీదు. మిగిలిన కొంచెం గ్యాస్ గాల్లోకి వదిలేసి మొదలుపెడితే?

రెంచ్_రమణి
వదలకండి. సొంత కారైనా సరే, తెలిసీ గాల్లోకి వదలడం ఫెడరల్ చట్టం ప్రకారం నేరం. ఐడెంటిఫయర్ ఉన్న షాపుకి తీసుకెళ్లి "మిగిలింది తీసేయండి చాలు" అనండి. కలిసిన గ్యాస్‌కి వేరే సిలిండర్ పెట్టుకునే షాపులుంటాయి. ఫోన్ చేసి అడిగి వెళ్లండి.

నాలుగోగేరు
ఈ ఫోరంలో పోస్టు పెట్టగానే ఈపీఏ (అమెరికా పర్యావరణ సంస్థ) వాడు తలుపు కొడతాడేమో, జాగ్రత్త.

కీబోర్డు_కిట్టయ్య
ఇంత గొడవెందుకు. కంప్యూటర్ దుమ్ము ఊదే డబ్బాలో ఉండేది ఆర్-152ఏ. 134ఏ కన్నా బాగా చల్లబడుతుంది, ప్రెషర్ తక్కువ, ఏ షాపులోనైనా దొరుకుతుంది, సర్టిఫికెట్ లేదు, ఏమీ లేదు. మా ఫ్రెండ్ పాత కారులో వేశాడు, మంచులా వస్తోంది.

రెంచ్_రమణి
ఆ డబ్బా మీద మంట బొమ్మ ఉంటుంది, మీ ఫ్రెండ్ చూశాడా? ఎవాపరేటర్ ఉన్నది క్యాబిన్ గాలి దారిలో. అది పగిలితే మండే వాయువు నేరుగా మీ ముఖం మీదకే వస్తుంది. ఈపీఏ దాన్ని అనుమతించింది కొత్తగా తయారయ్యే కార్లకి, అదీ తగిన రక్షణ ఏర్పాట్లతో. పాత కార్లలో మార్చి వేయడానికి కాదు. ప్రొపేన్, ఐసోబ్యూటేన్ కలిపి "ఆర్-12కి బదులు" అని అమ్మే డబ్బాలదీ అదే సంగతి.

కీబోర్డు_కిట్టయ్య
మరి పెట్రోల్ ట్యాంకుతో తిరగడం లేదా అందరం? 911లో అది ముందు భాగంలోనే ఉంటుంది, కాళ్ల దగ్గర.

డెన్వర్_దొర
పెట్రోల్ ట్యాంకు బ్లోవర్ ఫ్యాన్‌తో మీ మూతిలోకి ఊదదు కిట్టయ్యా.

కీబోర్డు_కిట్టయ్య
సరే, ఇందులో ఓడిపోను కానీ మాట్లాడను.

టెక్సస్_తాత
సరదాకి ఒకటి చెప్తా. ఆర్-12 కుటుంబాన్ని కనిపెట్టిన బృందానికి నాయకుడు థామస్ మిడ్గ్‌లీ. అంతకు ముందు అమ్మోనియా, సల్ఫర్ డయాక్సైడ్ లాంటివి వాడేవారు, లీకైతే ప్రాణం మీదకి వచ్చేది. 1930లో రసాయన శాస్త్రవేత్తల సభలో ఆయన ఈ కొత్త గ్యాస్‌ని గుండెల నిండా పీల్చి, కొవ్వొత్తి మీద ఊది ఆర్పేశాడు. విషం కాదు, మండదు అని ఒకే దెబ్బకి చూపించాడు. పెట్రోల్లో సీసం కలపొచ్చని కనిపెట్టిందీ ఆయనే.

ప్లేనో_పప్పుచారు
అంటే మన పాత కార్లు నడవడానికీ చల్లబడటానికీ కారణం ఒకే మనిషి. ఆకాశం పాడవడానికీ ఆయనే. ఫొటో గ్యారేజీలో పెట్టుకోవాలా, తీసేయాలా?

మోడరేటర్
మిడ్గ్‌లీ చర్చకి వేరే థ్రెడ్ తెరుచుకోండి. ఇక్కడ ఏసీ.

గచ్చిబౌలి_గేర్‌బాక్స్
మా హైదరాబాద్ ముచ్చట ఒకటి. నా దగ్గర 1990ల కాంటెస్సా ఉంది, స్పోర్ట్స్ కారు కాదు, నవ్వకండి. రోడ్డు పక్కన "ఏసీ గ్యాస్ ఫిల్లింగ్" బోర్డు చూసి ఆపితే, పాత గ్యాస్ వాల్వ్ నొక్కి గాల్లోకి వదిలేశాడు, సిలిండర్ తగిలించాడు, సౌండ్ విని "సరిపోయింది సార్" అన్నాడు. చెవితో తూకం! వారం చల్లగా వచ్చింది. తర్వాత ఓ ముసలి మెకానిక్ దగ్గరికెళ్తే సబ్బు నురుగు, బ్రష్ తీసుకుని జాయింట్లన్నీ తడిమి కంప్రెసర్ వెనక ఓ-రింగ్ దగ్గర బుడగ చూపించాడు. ఓ-రింగ్ ధర టీ ఖర్చంత.

రెంచ్_రమణి
@గచ్చిబౌలి_గేర్‌బాక్స్ ఆ ముసలాయన పద్ధతే సరైంది. పనిముట్లు మారాయి గానీ పని అదే.

@ఎర్రకారు_86 మీరు చేయాల్సింది ఇది. మిగిలిన గ్యాస్ షాపులో తీయించాక, రెగ్యులేటర్ ఉన్న నైట్రోజన్ సిలిండర్ అద్దెకి తెచ్చుకోండి. మెల్లగా 100, తర్వాత 150 పీఎస్ఐ దాకా ఎక్కించి వదిలేయండి. గాలి కంప్రెసర్ వాడకండి, దానిలో తేమ ఉంటుంది, 134ఏ మిగిలి ఉంటే ఒత్తిడిలో గాలితో కలిసి మండే అవకాశమూ ఉంది. ఆక్సిజన్ సిలిండర్ జోలికి అస్సలు పోవద్దు, నూనె తగిలితే పేలుతుంది. నైట్రోజన్ పెట్టి సబ్బునీళ్లు కొట్టండి. ముందు చూడాల్సినవి కంప్రెసర్ షాఫ్ట్ సీల్, హోసుల చివర లోహం నొక్కి బిగించిన చోట్లు, ఇంజన్ మూత కండెన్సర్ జాయింట్లు. మూత తీసి వేసే ప్రతిసారీ ఆ హోసులు వంగుతాయి, పైగా అడుగున ఇంజన్ వేడి. నూనె మరక, దానికి అంటిన దుమ్ము ఎక్కడ కనిపించినా అనుమానించండి. నూనె గ్యాస్‌తోనే బయటికొస్తుంది.

ఎర్రకారు_86
దొరికింది. కంప్రెసర్ నుంచి ఇంజన్ మూతకి వెళ్లే హోస్ చివర, లోహపు ముడి దగ్గర, బుడగలు ఉడుకుతున్నట్టు వచ్చాయి. ముందు కండెన్సర్ దగ్గర ఒక జాయింట్‌లోనూ చిన్న బుడగ. షాపువాళ్లు తీసిన గ్యాస్ ఐడెంటిఫయర్‌లో 134ఏతోపాటు గాలి చూపించింది, ఆర్-12 లేదట. హమ్మయ్య.

ఇప్పుడు ప్రశ్న. ఆ ఒక్క హోస్ మార్చి ఊరుకోనా, మొత్తం మార్చనా? మొత్తం సెట్టు ధర చూసి గుండె ఆగింది.

డెన్వర్_దొర
ఆ ఒక్కటి మార్చు. రెండు ఓ-రింగులు, డ్రైయర్. పోయినప్పుడు చూద్దాం.

రెంచ్_రమణి
మొత్తం మార్చండి. గ్యాస్ ఒకసారి దింపారు, సిస్టమ్ తెరిచారు, డ్రైయర్ ఎలాగూ మార్చాలి. ఇంకో రెండేళ్లకి పొడవాటి హోస్ పోతే ఇదంతా మళ్లీ మొదటినుంచి.

టెక్సస్_తాత
మొత్తం మార్చు నాయనా. ఈ ఒక్క విషయంలో అమ్మాయితో ఒప్పుకుంటాను.

నాలుగోగేరు
తాతగారు ఒప్పుకున్నారు. స్క్రీన్‌షాట్ తీసుకున్నా.

పాతపోర్షే_ఫ్రీమాంట్
ఆలస్యంగా వచ్చాను. నాదీ అదే తరం కారు, 1985. హోసులు మార్చడం మంచిదే కానీ ఎవరూ అసలు విషయానికి రాలేదు. ఈ కారులో గ్యాస్ ఎంత ఉన్నా, లోపలి వేడిని బయటికి పంపే చోటు చాలదు. అసలు కండెన్సర్లు పాములా మెలికలు తిరిగిన ఒకే గొట్టం రకం. ఇప్పుడు ప్యారలల్ ఫ్లో రకం దొరుకుతాయి, పక్కపక్కన సన్నటి దారులు చాలా ఉంటాయి, అదే సైజులో ఎక్కువ వేడి వదులుతాయి. 134ఏకి హైసైడ్ (కంప్రెసర్ గ్యాస్‌ని తోసే వైపు) ప్రెషర్ ఆర్-12 కన్నా ఎక్కువ లేస్తుంది, కాబట్టి దీనికి కండెన్సర్ ఇంకా ముఖ్యం. నేను ఇంజన్ మూతలోది మార్చాను, కారు నడుస్తున్నప్పుడు తేడా బాగా తెలిసింది.

ఆగి ఉన్నప్పుడు మాత్రం కష్టమే. ఆ మూత కండెన్సర్‌లోంచి గాలి లాగేది ఇంజన్ కూలింగ్ ఫ్యాన్. ఇంజన్ మెల్లగా తిరిగితే అదీ మెల్లగానే తిరుగుతుంది. పైగా కింద నుంచి ఇంజన్ వేడి. ముందు కండెన్సర్‌కి ఎలక్ట్రిక్ ఫ్యాన్ ఉంటుంది, అది పనిచేస్తోందో లేదో ఒకసారి వంగి చూడండి. సగం కార్లలో దాని మోటారు ఎండుటాకులు పట్టి ఆగిపోయి ఉంటుంది.

ఎర్రకారు_86
@పాతపోర్షే_ఫ్రీమాంట్ వంగి చూశాను. తిరగడం లేదు. ఆకులు, ఒక ప్లాస్టిక్ కవరు, ఓ చిన్న పక్షి ఈక. తీసి నేరుగా కరెంటు ఇస్తే తిరిగింది, ఫ్యూజు పోయి ఉంది.

ప్లేనో_పప్పుచారు
ఈక సంగతి పోలీసులకి చెప్పొద్దు.

టెక్సస్_తాత
అన్నీ మార్చేట్టయితే ఇప్పుడే ఆర్-12కి వెనక్కి పో. బ్యారియర్ హోసులు, కొత్త కండెన్సరు, ఆర్-12. ఇక దాని జోలికి వెళ్లక్కర్లేదు.

పాతపోర్షే_ఫ్రీమాంట్
తాతగారూ, అమ్మేటప్పుడు ఒరిజినల్ కావాలనుకునేవాళ్లకి సరే. ఈయన నడపడానికి కొన్నాడు. రేపు హైవే మీద ఏదైనా జాయింట్ పోతే దారిలో ఏ షాపులోనైనా 134ఏ ఉంటుంది. ఆర్-12 ఎక్కడ దొరుకుతుంది?

టెక్సస్_తాత
నా గ్యారేజీలో.

నాలుగోగేరు
అడ్రసు పెట్టొద్దు తాతా, క్యూ కడతారు.

రెంచ్_రమణి
134ఏ అయితే నూనె సంగతి మర్చిపోవద్దు. పాత మినరల్ నూనె 134ఏలో కరగదు, కంప్రెసర్‌కి తిరిగి రాదు. విప్పినప్పుడు గొట్టాలు, ఎవాపరేటర్ ఫ్లష్ చేసి, కంప్రెసర్‌లోది వంచి కొలిచి, పాగ్ నూనె గానీ ఎస్టర్ నూనె గానీ పోయండి. పాత నూనె కొంచెం మిగిలిపోతుందని అనుమానం ఉంటే ఎస్టర్ మంచిది, కలిసినా గొడవ చేయదు. పాగ్ డబ్బా మూత తీసి వదిలేయకండి, గాల్లో తేమంతా పీల్చుకుంటుంది. డ్రైయర్ లోపలి పదార్థం 134ఏకి పనికొచ్చే ఎక్స్‌హెచ్-7 అయి ఉండాలి. అయ్యాక స్టిక్కర్ అంటించండి, ఏ గ్యాస్, ఎంత, ఏ నూనె, ఏ తేదీ. అది చట్టం అడిగేది కూడా. పాత ఓనరు అంటించి ఉంటే మీకు సగం తలనొప్పి తగ్గేది.

ఎర్రకారు_86
గ్యాస్ ఎంత వేయాలో ఎలా తేల్చాలి? అసలు స్టిక్కర్ మీది తూకం ఆర్-12కి కదా.

రెంచ్_రమణి
మామూలుగా ఆర్-12 తూకంలో 80 నుంచి 85 శాతంతో మొదలుపెడతారు. కానీ మీరు కండెన్సర్ కూడా మారుస్తున్నారు, లోపలి చోటు మారిపోతుంది. కాబట్టి దానికంటే తక్కువతో మొదలుపెట్టి, గేజ్, వెంట్ దగ్గర థర్మామీటర్ చూస్తూ కొద్దికొద్దిగా పెంచాలి. క్యాన్‌ని వంటింటి డిజిటల్ త్రాసు మీద పెట్టండి, 12 ఔన్సుల క్యాన్ అంటే 340 గ్రాములు, ఎంత దిగిందో తెలుస్తుంది. ఎక్కువైతే చల్లదనం పెరగదు, తగ్గుతుంది. కండెన్సర్‌లో ద్రవం నిండిపోయి గ్యాస్ చల్లబడే చోటు కుంచించుకుపోతుంది, హైసైడ్ ప్రెషర్ లేచిపోతుంది.

ఇంజన్ నడుస్తుండగా క్యాన్ లోసైడ్‌కి (కంప్రెసర్ గ్యాస్‌ని లాగే వైపుకి) మాత్రమే, నిటారుగా పెట్టి ఆవిరిగా. ఆ సమయంలో హైసైడ్ కాక్ తిప్పారో క్యాన్ చేతిలోనే పేలుతుంది. కళ్లజోడు, గ్లవ్స్ తప్పనిసరి.

చల్లగాలి_ఎడిసన్
వంటింటి త్రాసు అన్నారు. ఇక వాళ్లావిడ కారెక్కడం కాదు, ఇంట్లోకే రానివ్వదు.

డెన్వర్_దొర
వాక్యూమ్ గురించి. పంపు పెట్టి కనీసం ముప్పావుగంట లాగండి, ఆపి అరగంట ముల్లు చూడండి. మీరు డాలస్‌లో ఉన్నారు కాబట్టి గేజ్ మీద 29 అంగుళాల (పాదరసం లెక్కలో) పైన రావాలి. మా డెన్వర్‌లో ఎంత లాగినా గేజ్ 25 దగ్గర ఆగుతుంది. ఇక్కడికి వచ్చిన కొత్తలో ఒకాయన లీకుందని సిస్టమంతా విప్పేశాడట. ఎత్తు పెరిగేకొద్దీ బయటి గాలి ఒత్తిడే తక్కువ, దాదాపు వెయ్యి అడుగులకి ఒక అంగుళం పోతుంది. లోపల మిగిలిన ఒత్తిడినే నేరుగా కొలిచే మైక్రాన్ గేజ్ అయితే ఈ తికమక ఉండదు, 500 మైక్రాన్ల కిందికి వచ్చి నిలబడితే చాలు. లోపలి నీరు మామూలు వేడికే మరిగి ఆవిరై పంపులోంచి పోతుంది, వాక్యూమ్ అసలు పని అదే.

పాతపోర్షే_ఫ్రీమాంట్
క్యాన్లు కొనేటప్పుడు దానంతటదే మూసుకునే వాల్వ్ ఉన్నవి చూడండి. 2018 నుంచి సర్టిఫికెట్ లేకుండా అమ్మే చిన్న క్యాన్లన్నీ అలాంటివే ఉండాలి, కానీ పాత సరుకు గ్యారేజీ సేల్స్‌లో కనిపిస్తుంది. వాటికి వేరే ట్యాప్ కావాలి. మా కాలిఫోర్నియాలో క్యాన్‌కి 10 డాలర్లు డిపాజిట్ కూడా, ఖాళీది తిరిగిస్తే ఇస్తారు.

కీబోర్డు_కిట్టయ్య
దుమ్ము డబ్బాకి డిపాజిట్ లేదు.

మోడరేటర్
కిట్టయ్య గారూ.

ఎర్రకారు_86
పని అయింది. బ్యారియర్ హోసులన్నీ, డ్రైయర్, ఓ-రింగులు, ఇంజన్ మూతకి ప్యారలల్ ఫ్లో కండెన్సర్, ముందు ఫ్యాన్‌కి కొత్త ఫ్యూజు, మోటారు శుభ్రం. ఎస్టర్ నూనె. పొడవాటి హోస్ కారు కింద పాకించేటప్పుడు పక్కింటి తమిళాయన వచ్చి పట్టుకున్నాడు, లేకపోతే అయ్యేది కాదు. వాక్యూమ్ రాత్రంతా నిలబడింది. లోసైడ్ 32, హైసైడ్ 240 చుట్టూ, బయట 98 డిగ్రీలు. హైవే మీద వెంట్ దగ్గర 46 డిగ్రీలు. సెంట్రల్ ఎక్స్‌ప్రెస్‌వే మీద ట్రాఫిక్‌లో ఇరుక్కుంటే 58 దాకా పోతోంది, కదలగానే దిగుతోంది. స్టిక్కర్ అంటించాను.

గచ్చిబౌలి_గేర్‌బాక్స్
46 అంటే దాదాపు 8 సెల్సియస్. సూపర్ అన్నా.

పాతపోర్షే_ఫ్రీమాంట్
46 ఈ కారులో చాలా మంచి నెంబరు. 58 సంగతి ఫ్యాన్‌తోనే తేలాలి. వెనక వీల్ వెల్‌లో (చక్రం తిరిగే గుంటలో) ఫ్యాన్‌తో ఇంకో కండెన్సర్ పెట్టే కిట్లు ఉన్నాయి. కానీ ఒక ఎండాకాలం ఇలాగే నడిపి చూడండి, తర్వాత ఖర్చు పెట్టొచ్చు.

టెక్సస్_తాత
ఆర్-12 అయితే ట్రాఫిక్‌లో కూడా 50 దాటేది కాదు.

రెంచ్_రమణి
తాతగారూ!

ఎర్రకారు_86
@పాతపోర్షే_ఫ్రీమాంట్ వీల్ వెల్ కిట్ పెడితే టైరు మార్చేటప్పుడు అడ్డమొస్తుందా? వాన నీళ్లు, బురద దాని మీద పడవా?

పాతపోర్షే_ఫ్రీమాంట్
టైరుకి అడ్డం రాదు. బురద పడుతుంది, ముందు జాలీ ఉంటుంది గానీ వానాకాలం తర్వాత ఒకసారి పైపుతో కడగాలి. నాది ఇంకా పెట్టలేదు, డబ్బాలోనే ఉంది. ఈ చలికాలం బిగించాక ఫొటోలు పెడతాను. అన్నట్టు చలికాలంలో కూడా నెలకోసారి పది నిమిషాలు ఏసీ నడపండి, షాఫ్ట్ సీల్ ఎండిపోకుండా ఉంటుంది.